ఏడంగుళాల వెడల్పులో ఒక ఇల్లు

ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న పాత కాలువల్లో తిరిగే పడవ వెడల్పు దాదాపు 7 అడుగులు. పొడవు 70 అడుగుల దాకా ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని నారోబోట్ అంటారు. ఆ పడవకు చిన్న నమూనా చేస్తారు. లోపల మంచం, పొయ్యి, అలమారా అన్నీ అమరుస్తారు. నీళ్లలో వదిలి, గట్టు మీద నిలబడి రేడియోతో నడుపుతారు. ఇందులో వడ్రంగం ఉంది, లెక్క ఉంది, కరెంటు పని ఉంది, రంగులు వేసే పని ఉంది. ఇవన్నీ కొంచెం కొంచెంగా నేర్చుకోవచ్చు. కానీ అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది బరువు. ఎంత బరువు, ఏ ఎత్తులో ఉంది అన్నదే చూసుకోవాలి. ఈ ప్రసంగంలో చెప్పేవన్నీ చివరికి దాని దగ్గరికే వస్తాయి.

ముందు అసలు పడవ సంగతి. ఏడడుగుల వెడల్పు ఎందుకు? లాకుల వల్ల. లాకు అంటే ఏమిటో గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ ఆనకట్టతో వచ్చిన కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. నీటి మట్టం మారే చోట లాకు కడతారు. రెండు తలుపుల మధ్య పడవను నిలుపుతారు. నీళ్లు నింపితే పడవ పైకి లేస్తుంది. వదిలితే కిందికి దిగుతుంది. ఇంగ్లండులోనూ ఇదే పద్ధతి, ఇంకా ముందునుంచీ.

అక్కడ జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు పనిచేసిన బ్రిడ్జ్‌వాటర్ కాలువను 1761లో తెరిచారు. తర్వాత ఆయన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ చేపట్టాడు. దారిలో కొండ అడ్డొచ్చింది. దాని కింద హేర్‌కాసిల్ సొరంగం తవ్వారు. అది 1777లో పూర్తయింది. సొరంగం వెడల్పు పెంచితే తవ్వకం పెరుగుతుంది. లాకు వెడల్పు పెంచితే నీటి ఖర్చు పెరుగుతుంది. అందుకని లాకుల్ని సుమారు 7 అడుగుల వెడల్పుతో, 72 అడుగుల పొడవుతో సరిపెట్టారు. ఆ లాకులో పట్టేలా పడవ తయారైంది. మొదట్లో గట్టు మీద గుర్రం నడుస్తూ తాడుతో లాగేది. తర్వాత ఇంజన్లు వచ్చాయి.

నమూనా కట్టేవాళ్లకు ఇంకో చరిత్ర ముఖ్యం. అది పడవలోని గది చరిత్ర. పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్లు వచ్చాయి. కాలువ రవాణాకు రాబడి తగ్గింది. చాలామంది పడవవాళ్లు ఒడ్డు మీద ఇల్లు వదులుకున్నారు. పెళ్లాం పిల్లలతో పడవలోకి మారారు. సరుకు ఎక్కువ పట్టాలి కాబట్టి గదికి చోటు తక్కువ ఇచ్చారు. పొడవు సుమారు 10 అడుగులు. వెడల్పు పడవంత, అంటే 7 అడుగుల లోపే. అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే పిల్లల పెంపకం. ఆ ఇరుకు చూసి కాలువ పడవల మీద బ్రిటిష్ పార్లమెంటు 1877లో ఒక చట్టం, 1884లో ఇంకో చట్టం చేసింది. పడవను నివాసంగా నమోదు చేయాలని, అందులో ఎంతమంది ఉండవచ్చో హద్దు ఉండాలని ఆ చట్టాలు చెప్పాయి. 1962-63 చలికాలంలో కాలువలు గడ్డకట్టాయి. అప్పటికే చిక్కిపోయిన సరుకు రవాణా ఆ దెబ్బతో చాలావరకు ఆగిపోయింది. ఇప్పుడు ఆ కాలువల్లో తిరిగేవి ఎక్కువగా విహారపు పడవలు, జనం కాపురముండే పడవలు. కొన్నిటిలో వెనకవైపు ఆ పాతకాలపు గదిని ఇప్పటికీ కడుతున్నారు.

ఇక నమూనా. మొదటి ప్రశ్న కొలత. ఎంత చిన్నది చేయాలి? లోపల గదులు చూపించాలంటే పన్నెండో వంతు కొలత అన్నిటికంటే అనుకూలం. ఎందుకో వినండి. అడుగుకు 12 అంగుళాలు. కాబట్టి అసలు పడవలో ఒక అడుగు, నమూనాలో ఒక అంగుళం అవుతుంది. ఏడడుగుల వెడల్పు ఏడంగుళాలు. మూడడుగుల మంచం మూడంగుళాలు. లెక్క నోటితోనే అయిపోతుంది. బొమ్మరిళ్లు చేసేవాళ్లు కూడా ఎక్కువగా ఈ కొలతే వాడతారు. ఇంగ్లండులో విండ్సర్ కోటలో క్వీన్ మేరీ బొమ్మరిల్లు ఉంది. 1924లో పూర్తయింది. న్యూఢిల్లీకి రూపమిచ్చిన ఎడ్విన్ ల్యూటెన్సే దాన్నీ రూపొందించాడు. అందులో కుళాయిల్లో నీళ్లు వస్తాయి, దీపాలు వెలుగుతాయి. దాని కొలత కూడా పన్నెండో వంతే.

పొడవు ఎంత పెట్టాలి? 70 అడుగుల పడవ చేస్తే నమూనా 70 అంగుళాలు అవుతుంది. అంటే మనిషంత పొడవు. దాన్ని మోయడం, దాచడం కష్టం. మొదటిసారి చేసేవాళ్లకు 40 అడుగుల విహారపు పడవ మంచిది. నమూనా 40 అంగుళాలు, అంటే ఒక మీటరు. వెడల్పు పదిహేడున్నర సెంటీమీటర్లు. అడుగు నుంచి కప్పు దాకా ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు. ఒక్క మనిషి రెండు చేతుల్లో పట్టుకుని చెరువు దాకా తీసుకెళ్లగలడు.

ఇప్పుడు బరువు. పొడవు పన్నెండో వంతు అయితే బరువు కూడా పన్నెండో వంతు అవుతుందని అనిపిస్తుంది. కాదు. పొడవు తగ్గింది, వెడల్పు తగ్గింది, లోతూ తగ్గింది. పన్నెండును మూడుసార్లు హెచ్చించాలి. 1728 వస్తుంది. అసలు పడవ పన్నెండున్నర టన్నులు అనుకుంటే నమూనా బరువు 7 కిలోల పైచిలుకు. ఇది ఇష్టాన్ని బట్టి మార్చుకునే అంకె కాదు. అంత బరువు ఉంటేనే పడవ సరైన గీత దాకా మునుగుతుంది. తక్కువైతే నీటి మీద పైపైన తేలుతుంది. వెనక ప్రొపెల్లర్ సగం బయటికొచ్చి గాలిలో తిరుగుతుంది. చిన్న గాలి వీచినా పడవ పక్కకు కొట్టుకుపోతుంది. ఎక్కువైతే అంచు నీళ్లకు దగ్గరవుతుంది.

అయితే 7 కిలోలు ఉండగానే సరిపోదు. ఆ 7 కిలోలు ఎక్కడున్నాయి? ఇది ఇంట్లో ఎవరైనా చేసి చూడవచ్చు. ఒక ఖాళీ స్టీలు గ్లాసు తీసుకోండి. బకెట్టు నీళ్లలో నిలబెట్టండి. అది నిలవదు, పక్కకు ఒరుగుతుంది. ఇప్పుడు గ్లాసు అడుగున గుప్పెడు ఇసుక వేయండి. నిటారుగా నిలుస్తుంది. వేలితో నొక్కి వదిలినా మళ్లీ లేస్తుంది. ఆ ఇసుకనే చిన్న మూట కట్టి గ్లాసు మూతి మీద పెట్టండి. వెంటనే బోల్తా పడుతుంది. గ్లాసు అదే, ఇసుక అదే, మొత్తం బరువూ అదే. మారింది ఇసుక ఉన్న చోటు ఒక్కటే.

పడవ విషయంలోనూ ఇదే జరుగుతుంది. పైన చెప్పిన 40 అంగుళాల పడవ నీటిలో సుమారు 5 సెంటీమీటర్లు మునుగుతుంది. దాని మొత్తం బరువుకు ఒక కేంద్రం ఉంటుంది. ఆ కేంద్రం పడవ అడుగు నుంచి ఏడు సెంటీమీటర్ల ఎత్తు చేరుతోందంటే ప్రమాదం దగ్గరపడినట్టే. 5 సెంటీమీటర్లలోపు ఉంటే నిశ్చింత. పడవ మొత్తం ఎత్తు 20 సెంటీమీటర్లని ఇందాక చెప్పుకున్నాం. అంటే బరువు కేంద్రం కింది పావు వంతులో ఉండాలి. లోపల గదులు, పైన కప్పు, కప్పు మీద పూలకుండీలు, నీళ్ల క్యాను, ఇవన్నీ ఆ పావు వంతుకు పైనే ఉంటాయి. వాటిని ఎంత తేలికగా చేస్తే పడవ అంత స్థిరంగా ఉంటుంది. అందంగా చేయాలనే ఉత్సాహంలో మందపాటి చెక్కతో అలమారాలు చేస్తే అవి పడవను ఒరగదోస్తాయి.

ఒక లెక్క చూద్దాం. పడవ అడుగూ పక్కలూ కలిపి కిలోంపావు. గది గోడలూ కప్పూ కలిపి 300 గ్రాములు. లోపలి సామాన్లు అరకిలో. బ్యాటరీ ముప్పావు కిలో. మోటారు, ఇరుసు, చుక్కాని, రేడియో కలిపి 400 గ్రాములు. అంతా కలిపితే మూడుంపావు కిలోలు కూడా దాటదు. కావాల్సింది 7 కిలోల పైన. మిగిలిన దాదాపు 4 కిలోలు వట్టి బరువే. అంటే పడవ బరువులో సగానికి పైగా ఎవరికీ కనిపించని లోహం. దాన్ని నేల కింద పరచాలి. ఆ 4 కిలోల్నే కిటికీల ఎత్తులో పెడితే ఇదే పడవ బోల్తా పడుతుంది. అసలు నారోబోట్లలోనూ ఇంతే. నేల పలకల కింద ఇటుకలో, కాంక్రీటు పలకలో పేర్చి ఉంటాయి. నమూనా చేసేవాళ్లు దాన్నే చిన్నగా చేస్తున్నారు.

నాలుగు కిలోల లోహానికి చోటెక్కడ అని భయపడక్కర్లేదు. సీసం చాలా బరువైన లోహం. పడవ అడుగంతా పరిస్తే 3 మిల్లీమీటర్ల మందంలోపే సరిపోతుంది. ఇనుప పట్టీలైతే 4 మిల్లీమీటర్లు. చేపల వలలకు కట్టే సీసపు గుళ్లు కూడా పనికొస్తాయి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దాన్ని ఇంట్లో కరిగించకూడదు. పిల్లలున్న ఇంట్లో ఇనుప పట్టీలే మేలు. తుప్పు పట్టకుండా రంగు వేస్తే చాలు.

ఇప్పుడు పడవ కట్టడం. చెక్కతో చేయాలంటే 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. నీటికి ఆగే రకం తీసుకోవాలి. మెరైన్ ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 అనే ముద్ర ఉంటుంది. నారోబోటు అడుగు బల్లపరుపుగా ఉంటుంది. పక్కలు దాదాపు నిలువుగా ఉంటాయి. కాబట్టి మధ్యభాగం పెట్టె చేసినంత సులువు. పనితనమంతా రెండు కొసల్లోనే. అణియం, అంటే ముందు భాగం, వంపు తిరిగి కొస దగ్గర కలుస్తుంది. పలకను వేడినీళ్లలో నానబెట్టి మెల్లగా వంచాలి. అమరం, అంటే వెనక భాగం, ఇంకా జాగ్రత్తగా చేయాలి. నీటి కింద ఉన్న భాగం వెనక్కి పోయేకొద్దీ సన్నబడాలి. ఆ సన్నబడే భాగం పొడవుగా ఉంటేనే నీళ్లు ప్రొపెల్లర్ దాకా సాఫీగా చేరతాయి. తొందరపడి దాన్ని పొట్టిగా కోస్తే ప్రొపెల్లర్ ఎంత తిరిగినా పడవ ముందుకు సాగదు. పడవ కొనదేలిన చోట తగినంత సమయం పెట్టాలి. పెట్టె భాగం ఒక పూటలో అయిపోతుంది.

అతుకులకు వడ్రంగులు వాడే తెల్ల జిగురు పనికిరాదు. చాలా రకాలు నీటిలో నానితే వదిలేస్తాయి. రెండు గొట్టాల నుంచి కలిపి వాడే ఎపాక్సీ జిగురు కావాలి. లోపలివైపు మూలలన్నిటా దాన్ని పూయాలి. బయటివైపు పలచటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ అతికించి ఎపాక్సీ పూస్తే చెక్క నీరు పీల్చదు. ఆరాక ఇసుక కాగితంతో రుద్ది రంగు వేయాలి.

గదులు కట్టకముందే పడవను నీళ్లలో పెట్టి చూడాలి. ఇది చాలామంది దాటేసే మెట్టు. దాటకూడదు. మీటరు పొడవు తొట్టి ఇంట్లో లేకపోతే నేల మీద ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పరిచి, నీళ్లు నింపితే సరిపోతుంది. పడవ పక్కన నీటి గీత ఎక్కడ రావాలో పెన్సిల్‌తో గీయాలి. లోపల ఇసుక పొట్లాలు ఒక్కొక్కటిగా పేర్చాలి. గీత నీళ్లకు తగిలేదాకా పేర్చాలి. తర్వాత ఆ పొట్లాలన్నీ తూకం వేయాలి. ఆ అంకెను గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఇకముందు లోపల పెట్టే ప్రతి వస్తువూ ఆ అంకెలోంచి తీసివేత. మోటారు పెడితే అంత తీసివేయాలి. మంచం పెడితే అంత తీసివేయాలి. చివరికి మిగిలింది నేల కింద పరిచే లోహం. ఈ కొలత పడవ ఒక మిల్లీమీటరు లోతు పెరగాలంటే దాదాపు 160 గ్రాములు వేయాలి. వంటింటి తూకం యంత్రం ఈ పనికి బాగా సరిపోతుంది.

తర్వాత నడిపే సరంజామా. అసలు కాలువల్లో పడవ వేగానికి హద్దు ఉంది. గంటకు 4 మైళ్లు. అంటే మనిషి చురుగ్గా నడిచే నడక. అంతకంటే వేగంగా పోతే అలలు లేచి గట్టు కోసుకుపోతుంది. నమూనా ఎంత వేగంతో పోతే చూడటానికి సహజంగా ఉంటుంది? ఇక్కడ వేగాన్ని పన్నెండుతో భాగించకూడదు. పన్నెండు వర్గమూలంతో, అంటే దాదాపు మూడున్నరతో భాగించాలి. సెకనుకు అర మీటరు వస్తుంది. రెండు సెకన్లకు ఒక మీటరు. అంతే చాలు. అప్పుడు అణియం దగ్గర లేచే అల కూడా అసలు పడవ దగ్గర లేచినట్టే ఉంటుంది. కాబట్టి బలమైన మోటారు వద్దు. నెమ్మదిగా తిరిగే చిన్న మోటారు తీసుకుని, 35 నుంచి 40 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ తగిలించాలి.

ఇరుసు పడవలోంచి నీళ్లలోకి వెళ్లే చోట ఒక ఇత్తడి గొట్టం ఉంటుంది. అందులో గ్రీజు నింపాలి. గ్రీజు నీళ్లను ఆపుతుంది. గొట్టం లోపలి కొస నీటి గీతకు పైన ఉండేలా ఇరుసును కొంచెం వాలుగా పెడితే ఇంకా మంచిది. మోటారూ ఇరుసూ ఒకే వరసలో ఉండాలి. కొంచెం వంకర ఉన్నా గది అంతా అదురుతుంది. అలమారాలో ప్లేట్లు రాలతాయి. చుక్కానిని ఒక చిన్న సర్వో మోటారు తిప్పుతుంది. ఈ పడవ వెనక్కి పోయేటప్పుడు చుక్కాని మాట సరిగా వినదు. అసలు నారోబోట్లకూ ఆ ఇబ్బంది ఉంది. అది చేతగానితనం కాదు, ఆ పడవ తీరే అంత.

బ్యాటరీ ఎంపికలో బరువు మళ్లీ వస్తుంది. విమానాల నమూనాలకు తేలికైన లిథియం బ్యాటరీ కావాలి. ఇక్కడ బరువు ఎలాగూ కావాలి. ఎమర్జెన్సీ లైట్లలో వాడే 6 వోల్టుల సీసపు బ్యాటరీ ముప్పావు కిలో దాకా తూగుతుంది. ధర తక్కువ. దాన్ని పక్కకు పడుకోబెట్టి అడుగున పెడితే అదే కరెంటు ఇస్తుంది, అదే పడవను నిలబెడుతుంది. దాన్ని తలకిందులుగా మాత్రం పెట్టకూడదు. కదలకుండా పట్టీతో బిగించాలి. బ్యాటరీ తీగ మీద, బ్యాటరీకి దగ్గరగా, ఒక ఫ్యూజు తప్పకుండా ఉండాలి.

రేడియో గురించి చెప్పాలంటే, రేడియోతో దూరం నుంచి నడిపిన తొలి వస్తువుల్లో ఒకటి చిన్న పడవే. నికోలా టెస్లా 1898లో న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో దాన్ని జనానికి చూపించాడు. ఇప్పటి నమూనాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో నడుస్తాయి. ఈ తరంగాలు నీళ్లలోంచి దూసుకుపోలేవు. అందుకని పడవలోని రిసీవర్ యాంటెన్నా నీటి గీతకు పైన, కప్పు కింద ఉండాలి. అది తూగేది కొద్ది గ్రాములే. అంత తేలికైనది పైన ఉన్నా పరవాలేదు. రేడియో అందకపోతే మోటారు తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు చాలా సెట్లలో ఉంటుంది. పడవను నీళ్లలో వదలకముందే, బల్ల మీద పెట్టి, చేతిలోని ట్రాన్స్‌మిటర్ ఆపి, ఆ ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూడాలి.

ఇప్పుడు అసలు ముచ్చట, లోపలి గది. వెనక తలుపులోంచి పాతకాలపు పడవవాళ్ల గదిలోకి దిగితే కాలు మొదట పడేది ఒక మెట్టు మీద. ఆ మెట్టు కూడా వట్టి మెట్టు కాదు, బొగ్గు పెట్టె. ఎడమవైపు నల్లటి ఇనుప పొయ్యి. చలికి వెచ్చదనం, కూటికి వంట, రెండూ అదే. పొయ్యి పక్కన అలమారా. దాని తలుపు పైన కాకుండా కింద బందులతో ఉంటుంది. తెరిచి కిందికి వాలిస్తే అదే భోజనాల బల్ల. కుడివైపు పొడుగు అరుగు. పగలు కూర్చోవడానికి, రాత్రి ఒకరు పడుకోవడానికి. గది చివర పడవకు అడ్డంగా పెద్ద మంచం. పగలు దాన్ని మడిచి అలమారాలోకి తోసేస్తారు. ముందు లేసు తెర ఉంటుంది. గోడలకు అంచుల్లో చిల్లులున్న పింగాణీ ప్లేట్లు రిబ్బన్లతో వేలాడతాయి. ఇత్తడి గుబ్బలు, ఇత్తడి కడ్డీలు మెరుస్తుంటాయి. తలుపుల మీద, అలమారా మీద, నీళ్ల క్యాను మీద గులాబీలు, కోటలు రంగుల్లో ఉంటాయి. అంగుళం చోటు కూడా ఒక్క పనికే వదిలిపెట్టలేదు. ఆ ఇరుకులో ఇల్లు దిద్దుకున్న ఇల్లాళ్ల తెలివీ ఓపికా ప్రతి మూలా కనిపిస్తాయి. నమూనా చేసేవాళ్లు ఆ తెలివికి న్యాయం చేయాలి. అలమారా తలుపు నిజంగా కిందికి వాలాలి. మంచం నిజంగా మడవాలి.

నమూనాలో ఈ గది 10 అంగుళాల పొడవు, ఏడంగుళాల లోపు వెడల్పు. దీన్ని పడవలోనే కట్టకూడదు. బల్ల మీద విడిగా కట్టి, మొత్తంగా పడవలో దించాలి. రేపు కింద నీళ్లు చేరినా, తీగ తెగినా, గదిని ఎత్తి పక్కన పెట్టి బాగుచేయవచ్చు. గోడలకు 1 మిల్లీమీటరు ప్లైవుడ్ లేదా గట్టి అట్ట చాలు. అట్ట వాడితే రెండువైపులా వార్నిష్ పూయాలి. ఆ అరుగు కింద, మంచం కింద ఖాళీ ఉంటుంది. మోటారు వేగాన్ని అదుపుచేసే స్పీడ్ కంట్రోలర్, స్విచ్చి, తీగలు అక్కడ దాక్కుంటాయి. అసలు పడవలో సామాన్లు దాచుకున్న చోటే నమూనాలో యంత్రాలు దాగుతాయి.

సామాన్లన్నీ తేలికగా చేయాలి. పొయ్యి ఇనుముదిలా కనపడాలి, ఇనుముది కాకూడదు. అట్టతో చేసి, నల్లరంగు వేసి, పెన్సిల్ లెడ్ పొడి రుద్దితే పోత ఇనుములా మెరుస్తుంది. ఎనిమిదంగుళాల ప్లేటు నమూనాలో పదిహేడు మిల్లీమీటర్లు. పలచటి ప్లాస్టిక్ ముక్కను గుండ్రంగా కత్తిరించి, అంచున సూదితో చిల్లులు పొడిస్తే సరిపోతుంది. బల్లలకు బాల్సా చెక్క లేదా ఐస్‌క్రీం పుల్లలు వాడవచ్చు. తెరకు సన్న నూలు లేసు కావాలి. నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్లకు ఈ పని కొత్త కాదు. ఇంగ్లండు పడవల్లో వేలాడింది కూడా ఎక్కువగా క్రోషే సూదితో అల్లిన లేసే. నమూనాకు అన్నిటికంటే సన్నని సూది, ఒంటి పేట నూలు తీసుకోవాలి. గులాబీలు వేయడానికి అక్రిలిక్ రంగులు, చిన్న కుంచె చాలు. ముదురు ఆకుపచ్చ మీద ముందు గుండ్రటి మచ్చ. దాని మీద లేత రంగుతో ఒక్కో కుంచె దెబ్బకు ఒక్కో రేక. పడవ రంగులు వేసేవాళ్లు దిద్దరు, ఒక్కసారే వేస్తారు. కాగితం మీద చాలాసేపు సాధన చేశాకే అలమారా మీద వేయాలి.

ఎంతవరకు వివరం చూపాలన్నదీ ఆలోచించాలి. కప్పు మూసి ఉన్నప్పుడు చూసేవాళ్లకు లోపల కనిపించేది కిటికీలోంచి, తెరిచిన తలుపులోంచి. కిటికీ ఎదురుగా ఉన్న గోడ మీద, తలుపు నుంచి కనిపించే పొయ్యి మీద శ్రద్ధ పెట్టాలి. కిటికీ కింద చీకట్లో ఉన్న మూలకు అంత అక్కర్లేదు. అక్కడ అరుదైన వస్తువు పెట్టడం వృథా. లోపల రెండు మూడు చిన్న ఎల్‌ఈడీ దీపాలు పెడితే సాయంత్రం కిటికీలు వెలుగుతాయి. పసుపు ఛాయ ఉన్న దీపాలు తీసుకోవాలి. తెల్లటి వెలుగు ఆ కాలపు గదికి నప్పదు. ప్రతి దీపానికీ తగిన రెసిస్టరు ఉండాలి.

కప్పు ఊడి రావాలి. లేకపోతే లోపల చేసిన పని ఎవరూ చూడరు, రిపేరు కూడా చేయలేరు. గది గోడల పైఅంచు చుట్టూ లోపలివైపు ఒక సన్నని పట్టీ అతికించాలి. కప్పు దాని మీదుగా మూతలా దిగాలి. చిన్న అయస్కాంతాలు పెడితే గాలికి లేవదు. కప్పును మందపాటి చెక్కతో చేయకూడదు. కప్పు పడవలో అన్నిటికంటే పైనుండే భాగం. అక్కడ 100 గ్రాములు తగ్గిస్తే, నేల దగ్గర అంతకు కొన్ని రెట్లు లోహం వేసినంత మేలు. ఈ మాట మళ్లీ గుర్తుచేయాల్సిందే. కింద బరువు వేయడం కంటే పైన బరువు తగ్గించడం ముందు చేయాలి.

అన్నీ అమరాక పడవను మళ్లీ టార్పాలిన్ తొట్టిలో పెట్టాలి. ఇప్పుడు లోహపు పట్టీలు అటూ ఇటూ జరపాలి. వంటిల్లు ఒకవైపు ఉంటే పడవ అటు ఒరుగుతుంది. రెండోవైపు పట్టీ జరిపితే సరిపోతుంది. మోటారు వెనక ఉండటం వల్ల అమరం కొంచెం కుంగుతుంది. అది తప్పు కాదు. అసలు పడవలూ అలాగే కొద్దిగా వెనక్కి కుంగి ఉంటాయి, ప్రొపెల్లర్ నీళ్లలో ఉండటానికి. అయితే ముక్కు బాగా పైకి లేస్తే ముందు భాగంలో బరువు వేయాలి. అసలు పడవలో అక్కడ నీళ్ల ట్యాంకు ఉంటుంది. చివరికి అంచును వేలితో కిందికి నొక్కి వదలాలి. పడవ వెంటనే లేచి, రెండు మూడు సార్లు ఊగి నిలబడాలి. నెమ్మదిగా, బద్ధకంగా లేస్తే పైన ఇంకా బరువు ఉందన్నమాట. అప్పుడు కప్పు తీసి తూకం వేయాలి. అంతా సరిగా ఉంటే పట్టీల్ని ఎపాక్సీతో అతికించాలి. వదులుగా ఉన్న బరువు ఒరిగిన వైపుకే జారి పడవను ముంచుతుంది.

తొలిసారి నీళ్లలో వదలడానికి గాలి లేని ఉదయం మంచిది. పడవ పక్కలు పొడుగు, ఎత్తు. గాలి వాటి మీద తెరచాప మీద పట్టినట్టు పడుతుంది. గట్టు పక్కనే పది నిమిషాలు నడిపి వెనక్కి రప్పించాలి. కప్పు తీసి, గదిని పైకెత్తి, అడుగున తడి ఉందేమో వేలితో చూడాలి. కొద్దిపాటి నీళ్లు ఇరుసు గొట్టం నుంచి రావడం మామూలే. గ్రీజు వేస్తే ఆగుతుంది. అతుకు నుంచి వస్తే ఆ రోజుకు నడపడం ఆపాలి. పడవలో చేరిన నీళ్లు కదులుతూ ఉంటాయి, ఒరిగిన వైపుకే చేరతాయి. అర గ్లాసు నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంటికొచ్చాక కప్పు తీసి రాత్రంతా ఆరనివ్వాలి. మూసిపెడితే అట్ట గోడలకు, లేసు తెరలకు బూజు పడుతుంది. బ్యాటరీని పడవలోంచి తీసి, గాలి ఆడే చోట ఛార్జి పెట్టాలి. సీసపు బ్యాటరీని పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడకూడదు, ఖాళీగా నెలల తరబడి వదలకూడదు.

శ్రోతలకు ఒక్క విన్నపం. ఎప్పుడో ఒకప్పుడు పడవ చెరువు మధ్యలో ఆగిపోతుంది. ప్రొపెల్లర్‌కు నాచు చుట్టుకుంటుంది, లేదా బ్యాటరీ అయిపోతుంది. దానికోసం ఎవరూ నీళ్లలో దిగకండి. పిల్లల్ని అసలు దింపకండి. చెరువు అడుగున బురద ఎంత లోతో, గుర్రపుడెక్క వేళ్లు ఎంత దట్టమో గట్టు మీద నుంచి తెలియదు. గాలి పడవను ఎటో ఒక గట్టుకు చేరుస్తుంది, ఆగండి. తొందరైతే గాలం దారానికి ఒక బంతి కట్టి, పడవకు అవతలివైపు విసిరి, దారంతో మెల్లగా లాగండి. ఆ దారాన్నీ బంతినీ పడవతోపాటు సంచిలో పెట్టుకునే ఇంటి నుంచి బయల్దేరండి.